ఊఁ... అంటే విన్నట్టేనా?

టీవీ ఒకరిది, ఫోను ఇంకొకరిది. మరి ఇద్దరికీ కలిపి మిగిలిన సాయంత్రం ఎంత? యాభై ఏళ్లుగా రకరకాల పెట్టెల్ని చూసిన జహీరాబాద్ ప్రాంతం దగ్గర ఈ ప్రశ్నకో మంచి జవాబు ఉంది.

రాత్రి ఎనిమిదిన్నర. జహీరాబాద్‌లో ఓ మామూలు ఇల్లు అనుకోండి. ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, ఫోను పట్టుకుని కూర్చున్నాడు. హాల్లో టీవీ తన పాటికి తాను మోగుతోంది. ఆవిడ వంటింట్లో జొన్నరొట్టె తడుతూ ఓ చెవి సీరియల్ మీద వేసింది. మధ్యలో గుర్తొచ్చి అడిగింది.

‘‘ఇగో, రేపు పిలగాని బడిల మీటింగ్ ఉందట. మీరు పోతరా?’’

‘‘ఊఁ.’’

‘‘పది గంటలకే ఉండాలెనట.’’

‘‘ఊఁ.’’

తెల్లారి తొమ్మిదిన్నరకు ఆవిడ గుర్తు చేస్తే, ఆయన మొహంలో ఆశ్చర్యం... ‘‘ఏం మీటింగు? నాకెప్పుడు జెప్పినవ్?’’

ఇక ఆ ఇంట్లో ఆ పూట ఏం జరిగి ఉంటుందో వేరే చెప్పాలా! ఇలాంటి ఇల్లు జహీరాబాద్‌లోనే కాదు, నెల్లూరులోనూ ఉంటుంది, న్యూజెర్సీలోనూ ఉంటుంది.

నిజానికి తెలుగువాళ్లకు ‘ఊఁ’ చిన్న మాటేం కాదు. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ కొట్టడం ఆగిందా, కథా ఆగుతుంది. వింటున్నాను, తర్వాతేమైందో చెప్పు అని ఆ ఒక్క అక్షరానికి అర్థం. అదే ‘ఊఁ’ ఇప్పుడు చాలా ఇళ్లలో ‘వినట్లేదు, తర్వాత చెప్పు’ అనే అర్థానికి వచ్చేసింది.

ఇంత మార్పు ఎప్పుడు వచ్చింది? తప్పు టీవీదా, ఫోనుదా? లేక వాటికంటే ముందు నుంచే ఇంట్లో ఉన్న మరో సంగతిదా?

ఊరంతటికీ ఒకే పెట్టె

జహీరాబాద్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు. బజార్లో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ... నాలుగూ వినిపిస్తాయి. ఇప్పుడంటే ఎవరి భాష ఛానల్ వారికుంది. కానీ ఈ జిల్లా పల్లెలకు టీవీ మొదటిసారి వచ్చినప్పుడు సంగతి వేరు.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఓ పెద్ద ప్రయోగం మొదలైంది. దాని పేరు ‘సైట్’. ఉపగ్రహం ద్వారా పల్లెలకు నేరుగా టీవీ పాఠాలు చేర్చడం దాని లక్ష్యం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకు వాడుకోనిచ్చింది. ఇక్కడి ఏర్పాట్లు ఇస్రో చూసుకుంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెల్ని ఎంచుకున్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన జిల్లాల్లో మెదక్ ఒకటి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. అంటే రాజధానికి సొంత టీవీ కేంద్రం రాకముందే ఈ జిల్లాలోని కొన్ని పల్లెలు టీవీ చూసేశాయన్నమాట!

కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెనా. బడిలోనో, పంచాయతీ భవనంలోనో ఒక టీవీ. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కాస్త వినోదం. ఊరంతటికీ అదొక్కటే పెట్టె. ఎవరింటికి వాళ్లు తీసుకెళ్లేది కాదు. చూడాలంటే నలుగురితో కలిసి కూర్చోవాల్సిందే. 1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహం వెళ్లిపోయింది.

తర్వాత టీవీ మెల్లగా ఇళ్లలోకి వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగులద్దుకుంది. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం ఉదయాలు దానివే అయిపోయాయి. టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్ట. కొందరైతే టీవీకి పూలదండ వేసి, అగరొత్తులు వెలిగించేవారు. శుక్రవారం ‘చిత్రలహరి’ వచ్చే వేళకు వంట ముగించాలని ఆడవాళ్ల హడావుడి.

అప్పట్లో భార్యాభర్తలు కలిసి చేసే టీవీ పని ఒకటుండేది. గుర్తుందా? యాంటెనా తిప్పడం! ఆయన మిద్దె మీద, ఆవిడ కిటికీ దగ్గర, పిల్లాడు టీవీ ముందు. ‘‘వచ్చిందా?’’ ‘‘ఆఁ వచ్చింది... అయ్యో పోయింది... ఇంకొంచెం పక్కకు!’’ కాకి వాలితే మళ్లీ మొదటికే. విసుక్కున్నా, నవ్వుకున్నా, ఇద్దరూ ఒకే పని మీద ఉండేవారు.

రిమోట్ రాజ్యం

ఛానల్ ఒక్కటే ఉన్నంతకాలం ఏం చూడాలన్న గొడవే లేదు. 1990ల్లో కేబుల్ వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. దాంతోపాటే ఇంట్లోకి అసలైన అధికార దండం వచ్చింది... రిమోట్.

దాని కథ తమాషాగా ఉంటుంది. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో ‘లేజీ బోన్స్’ పేరుతో తెచ్చిన రిమోట్‌కు పొడవాటి తీగ ఉండేది. అది కాళ్లకు తగిలి జనం తూలిపడేవారు. 1955లో వెలుతురుతో పనిచేసే ‘ఫ్లాష్‌మ్యాటిక్’ వచ్చింది. తీగ బాధ పోయింది కానీ, కిటికీలోంచి ఎండ పడినా ఛానల్ మారిపోయేది! మరుసటేడు రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన ‘స్పేస్ కమాండ్’ చెవికి వినిపించని శబ్ద తరంగాలతో ఆ చిక్కు తీర్చింది. కుర్చీలోంచి లేవక్కర్లేకుండా చేయాలన్నదే వాళ్ల తపన. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మాత్రం ఏ ఇంజినీరూ ఆలోచించినట్టు లేదు.

ఆయనకు క్రికెట్, వార్తలు. ఆవిడకు సీరియల్. పిల్లలకు కార్టూన్లు. ఉన్నది ఒకే తెర. చాలా ఇళ్లలో ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ రిమోట్ ఆయన చేతిలోనే ఉండేది. ఆయన గుమ్మం దాటాకే అది ఆవిడకు దక్కేది. అలిగిన వాళ్లున్నారు, బ్యాటరీలు తీసి దాచిన వాళ్లున్నారు, ‘బ్రేకులో మాత్రం స్కోరు చూస్కో’ అని ఒప్పందం రాసుకున్నంత పని చేసినవాళ్లూ ఉన్నారు.

టీవీ వల్ల అంతా నష్టమే అనడానికీ లేదు. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు తమిళనాడు, బీహార్ తదితర రాష్ట్రాల పల్లెల్లో 2001 నుంచి 2003 దాకా కుటుంబాల్ని పరిశీలించారు. 2009లో ఆ ఫలితాలు ప్రచురించారు. కేబుల్ టీవీ వచ్చిన ఊళ్లలో, భర్త చేయి చేసుకోవడం తప్పు కాదనుకునే ఆడవాళ్లు తగ్గారు. ఇంటి నిర్ణయాల్లో వాళ్ల మాటకు విలువ పెరిగింది. కొడుకే కావాలన్న పట్టింపు కాస్త సడలింది. సీరియల్ చూస్తోందని ఎగతాళి చేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ తెరలోంచి ఆవిడకు ఇంకో లోకం కనిపించింది మరి.

గొడవ పోయింది... మాటా పోయింది

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. ఆయనకో ఫోను, ఆవిడకో ఫోను. క్రికెట్ ఆయన అరచేతిలో, సీరియల్ ఆవిడ అరచేతిలో. రిమోట్ కోసం కొట్లాట ఒక్కసారిగా చల్లబడింది. హమ్మయ్య అనుకున్నారంతా.

అయితే ఆ కొట్లాటలో ఓ మంచి ఉండేది. పోట్లాడాలన్నా ఎదుటివారి మొహం చూడాలి. వాళ్లకేం ఇష్టమో తెలియాలి. ‘నీ సీరియల్లో ఆ అత్త ఇంకా చావలేదా?’ అని ఆయన వెక్కిరించాడంటే, ఓ కన్ను అటు వేసినట్టే కదా! ఇప్పుడు పక్కపక్కనే కూర్చున్నా ఒకరి తెర మీద ఏముందో ఇంకొకరికి తెలీదు. నవ్వొస్తే ఎవరికి వారే నవ్వుకుంటున్నారు. ఎందుకు నవ్వావని అడిగితే ‘ఏం లేదులే’.

ఎదురుగా మనిషిని పెట్టుకుని ఫోనులో తలదూర్చడానికి ఆస్ట్రేలియాలో 2012లో ఏకంగా ఓ కొత్త మాటే పుట్టించారు... ‘ఫబ్బింగ్’. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ రాబర్ట్స్, మెరెడిత్ డేవిడ్ దీని మీద చేసిన సర్వే 2015లో బయటికొచ్చింది. తమ జీవిత భాగస్వామి ఇలా చేస్తున్నారని చెప్పినవాళ్లు నూటికి 46 మంది. దానివల్ల తమ మధ్య గొడవలవుతున్నాయన్నవాళ్లు నూటికి దాదాపు 23 మంది. మిగతావాళ్లు గొడవ కూడా పడటం లేదంటే, సర్దుకుపోయారనుకోవాలా, అడగడమే మానేశారనుకోవాలా?

తీరిక ఎవరిది?

ఇక్కడే అసలు విషయానికి రావాలి. ‘ఇద్దరం కాసేపు తీరిగ్గా కూర్చుందాం’ అనడం తేలికే. కానీ ఆయన తీరిక, ఆవిడ తీరిక ఒకే వేళకు వస్తున్నాయా?

కేంద్ర ప్రభుత్వ గణాంకాల విభాగం 2019లో దేశమంతటా ఓ సర్వే చేసింది. ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ రోజులో 24 గంటలు ఎలా గడుపుతున్నారని లెక్క తీసింది. ఇంటి పని చేస్తున్న ఆడవాళ్లు నూటికి 81 మంది. మగవాళ్లు 26 మంది. అలా చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారు. అంటే ఒకరిది ఐదు గంటలు, ఇంకొకరిది గంటన్నర పైచిలుకు.

ఆ లెక్క సాయంత్రం పూట ఇంట్లో ఎలా కనిపిస్తుందో చూడండి. ఆయన ఇల్లు చేరగానే తీరిక మొదలవుతుంది. ఆవిడకు అప్పుడే రెండో షిఫ్టు మొదలవుతుంది. వంట, వడ్డన, గిన్నెలు, పిల్లల హోంవర్కు, రేపటికి పప్పు నానబెట్టడం. ఆవిడ టీవీ చూస్తుంది, నిజమే. కానీ చిక్కుడుకాయలు ఒలుస్తూ, బట్టలు మడతపెడుతూ. చేతులు ఖాళీగా పెట్టుకుని చూసేది తక్కువ. గిన్నెలన్నీ సర్ది, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి పదవుతుంది. అప్పుడు మాట్లాడదామంటే ఆయన కళ్లు మూతలు పడుతుంటాయి. లేదా ఫోను వెలుగుతో మెరుస్తుంటాయి.

మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్ వచ్చాయి కదా, పని తగ్గలేదా అంటారు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో దీన్నే తవ్వి చూపించారు. యంత్రాలు వచ్చాక ఒక్కో పని సులువైన మాట నిజం. కానీ అంతకుముందు మగవాళ్లు, పిల్లలు చేసే పనులు మాయమై, మిగిలినవన్నీ అమ్మ మీదే పడ్డాయి. పైగా శుభ్రత, రుచుల మీద ఆశలు పెరిగాయి. మన ఇళ్లలోనూ అంతే. ఒకప్పుడు బావి నుంచి నీళ్లు తేవడం, కట్టెలు కొట్టడం మగవాళ్ల వంతు కూడా. నల్లా, గ్యాసు వచ్చాక ఆ వంతు పోయింది. వారానికోసారి నానబెట్టే ఇడ్లీ పిండి మాత్రం గ్రైండర్ పుణ్యమా అని ఎప్పుడు అడిగితే అప్పుడు సిద్ధంగా ఉండాల్సి వచ్చింది.

కాబట్టి రాత్రి పూట ఆవిడ చిరాకంతా ఆ ఫోను మీదే అనుకుంటే పొరపాటు. ఆయనకు ఆ ఫోను చూసేంత తీరిక ఉంది, తనకు లేదు. కడుపుమంట అక్కడుంది.

మాచ్‌నూర్ ఆడవాళ్లు పెట్టిన వేళ

జహీరాబాద్‌కు దగ్గర్లోనే, ఝరాసంగం మండలంలో మాచ్‌నూర్ అనే పల్లె ఉంది. తీరిక విషయంలో ఏ ఇంజినీరుకూ తట్టని ఆలోచన అక్కడి ఆడవాళ్లకు తట్టింది.

ఈ ప్రాంతంలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాని కేంద్రం జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్. పల్లెల్లోని పేద, దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడి పడావు భూముల్లో జొన్న, కొర్ర, సజ్జ లాంటి పాత పంటల్ని మళ్లీ నిలబెట్టిన సంగతి చాలామందికి తెలుసు. ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసేవారు. ఉపగ్రహంతో పల్లెలకు టీవీ చూపిన ‘సైట్’లోనూ ఆయన పనిచేశారు. 2023లో కన్నుమూశారు.

ఆ సంఘాల మహిళలు తమకో రేడియో కావాలన్నారు. తమ పంటల గురించి, తమ మందుల గురించి, తమ పండుగల గురించి, తమ యాసలో మాట్లాడే రేడియో. యునెస్కో చేయూతతో 1990ల చివర్లోనే మాచ్‌నూర్‌లో కేంద్రం సిద్ధమైంది. కానీ లైసెన్సు లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో నడుపుకోవచ్చని ప్రభుత్వ విధానం వచ్చింది 2006లో. అప్పటిదాకా వాళ్లు ఊరుకోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి వినిపించారు. ఎట్టకేలకు 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ 90.4 ఎఫ్ఎం మీద పలికింది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ ఆ పల్లెల పిల్లలే.

ఇంతకీ ప్రసారం ఏ వేళకు? రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా. పొలం పని ముగించుకుని ఆడవాళ్లు ఇల్లు చేరే వేళ. రొట్టెలు చేసుకుంటూ వినొచ్చు, తింటూ వినొచ్చు, ఇంటిల్లిపాదీ వినొచ్చు. రేడియో కాబట్టి కళ్లను కట్టిపడేయదు. చేతుల్ని ఆపదు. మధ్యలో మాట్లాడుకోవచ్చు. పైగా అందులో వినిపించేది పక్క ఊరి అత్త పాటో, తెలిసిన రైతు అనుభవమో. దాని మీద ఇంట్లో నాలుగు మాటలు పుట్టక మానవు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎక్కడైనా యంత్రం వచ్చాక, దాని వేళకు తగ్గట్టు మనుషులు పరుగులు పెడతారు. చిత్రలహరి వేళకు వంట ముగించినట్టు. మాచ్‌నూర్‌లో ముందు ఆడవాళ్ల తీరిక ఎప్పుడో చూసుకున్నారు. యంత్రాన్ని ఆ వేళకు రమ్మన్నారు.

ఇంటికో ప్రసార వేళ

అలాంటి వేళను ఇంట్లో పెట్టుకోలేమా? పెద్ద కష్టమేం కాదు. ముందు పని లెక్క తేలాలి. గిన్నెలు ఒకరు తోమితే ఒకరు తుడిచి సర్దినా, పిల్లల హోంవర్కు ఆయన చూసుకున్నా, ఆవిడకు తొమ్మిదికే చేతులు ఖాళీ అవుతాయి. పనిలో వాటా తీసుకోకుండా ‘వచ్చి కూర్చోరాదూ’ అని పిలిస్తే ఆవిడ ఎలా వస్తుంది?

తర్వాత ఓ అరగంట ఇద్దరిదీ. అందులో టీవీ ఉండకూడదనేం లేదు. ఒకే తెర ముందు, ఓ రోజు ఆయన మెచ్చింది, ఓ రోజు ఆవిడ మెచ్చింది. అత్తాకోడళ్ల కథ ఆయనకు, లెగ్‌బై అంటే ఏమిటో ఆవిడకు తెలిస్తే నష్టమేముంది! షిఫ్టుల ఉద్యోగమైతే రోజూ కుదరకపోవచ్చు. అప్పుడు వారానికో రెండు పూటలైనా ముందే అనుకుని పెట్టుకోవాలి.

బడి మీటింగు, బ్యాంకు కిస్తీ, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీ లాంటి ముఖ్యమైన మాటలు తెర వెలుగుతుండగా చెప్పొద్దు. చెప్పాల్సి వస్తే ‘ఊఁ’తో సరిపెట్టుకోకుండా ‘ఏం జెప్పిన, చెప్పు?’ అని తిరిగి అడగాలి. నాలుగు రోజులు నవ్వులాటగా ఉంటుంది. ఐదో రోజు ఎదుటివారే ఫోను బోర్లించి తలెత్తుతారు. పడుకునేటప్పుడు ఛార్జింగ్ కోసం ఫోన్లను హాల్లో పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. అలారం కోసమంటారా? పాతిక ఇళ్లలో ఇరవై ఇళ్ల బీరువాల్లో పెళ్లికి ఎవరో ఇచ్చిన గడియారం ఒకటి పడుకునే ఉంటుంది. దాన్ని లేపండి.

పాత పెట్టెలన్నిటికీ ఓ గుణం ఉండేది. రాత్రి అయ్యేసరికి దూరదర్శన్ సెలవు తీసుకునేది. ‘సంఘం రేడియో’ తొమ్మిదికి ముగిసేది. ఆ తర్వాత ఇంట్లో వినిపించేది మనుషుల మాటలే. అరచేతిలోని ఈ పెట్టెకు ముగింపు లేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి అదే చూపిస్తుంది. ఇక చాలు అని అది ఎప్పటికీ చెప్పదు. ఆ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి... ఇద్దరూ కలిసి.